పిట్టగోడ ఎక్కని పిల్లి

మాష్టారి పిల్లికి దెబ్బ తగిలిందని మొట్టమొదట కనిపెట్టింది నేను. అదీ ఒక్క చూపులో. కళ్ళద్దాలు కూడా లేవు. గేటుకి తగిలించిన సంచిలోంచి పాలపాకెట్లు తీసుకుంటూ తలెత్తి చూశాను, అంతే. ఎడమ ముందుకాలు అని చెప్పేశాను. నాకిదేమీ కొత్త కాదు. కంకిపాడు అవతల మా ఊళ్ళో ఉన్న రోజుల్లో ఎవరి గేదె కుంటినా పశువుల డాక్టరుకంటే ముందు నాకు కబురొచ్చేది. మంచం దిగకుండానే, గిట్టల చప్పుడు విని, ఏ కాలో చెప్పేవాణ్ణి.

ఇందులో కొంత తరుగు తీయాల్సి ఉంది. తీస్తాను, కాస్త ఆగండి.

విజయవాడ సత్యనారాయణపురంలో ఒకే ఇంట్లో మేం కింద వాటా, మాష్టారు పై వాటా. ఆయన కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేను ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ చొక్కా కాలరు మీంచి దులుపుకున్న బూడిద ఏ రంగో, ఆ పిల్లీ అదే రంగు. మాష్టారి పిల్లి అని అందరం అంటాం కానీ అది ఆయనది కాదు, ఆయన భార్యది. కాలువగట్టున కళ్ళు తెరవని కూనగా దొరికితే, దూదితో పాలు పట్టి పెంచింది. ఇప్పుడు పిల్లుల లెక్కలో అది మా ఇద్దరికంటే పెద్దది.

ఆవిడ మొగుణ్ణి "ఏవండీ" అని, పిల్లిని "ఏమే" అని పిలిచేది. రెండింటికీ ఒకటే రాగం. ఆ "ఏ" సాగి సాగి మెట్లు దిగి మా వాకిట్లోకి వచ్చేది. "రెండో అక్షరం పడేలోపే మేమిద్దరం లేచేవాళ్ళమండీ," అని మాష్టారు ఒకసారి నాతో అన్నారు. "ఎవర్ని పిలిచిందో వంటింట్లోకి వెళ్ళాక తేలేది."

పోయిన శ్రావణంలో ఆవిడ పోయింది. ఆస్పత్రిలో మాష్టారిని చివరగా అడిగింది ఒక్కటేనట. "అది నోరులేనిది. చూసుకోండి." ఆయన చూసుకుంటున్నారు, ఆయన పద్ధతిలో. ఆచారం ఉన్న మనిషి, పిల్లి తగిలితే మళ్ళీ స్నానం. అందుకని పాలన్నం గిన్నె గుమ్మం దగ్గర పెట్టి, దూరంగా నిలబడి, అది తినడం అయ్యేదాకా చూసేవారు. దాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు. అదీ ఆయన్ని ముట్టుకోనిచ్చే రకం కాదు.

ఆ పిల్లి రోజూ పొద్దున్నే బట్టలుతికే బండ మీదికి, బండ మీంచి మా కిటికీ సన్‌షేడ్ మీదికి, అక్కణ్ణించి పై వాటా ముందు డాబా పిట్టగోడ మీదికి ఎక్కి ఎండలో కూచునేది. నేను పాలపాకెట్లు తీసుకుంటున్న ఆ పొద్దున మాత్రం బండ దగ్గరే నిలబడి పైకి చూస్తోంది. ముందుకాలు ఒకటి కాస్త ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తింది, నేల కాలుతున్నట్టు. వీపు మీద బొచ్చు అట్టలు కట్టింది. నాక్కోవడానికి మెడ తిప్పి, సగంలో మానేసింది. చంక కింద ఏదో ఉబ్బెత్తుగా ఉంది.

పైకి వెళ్ళి చెప్పాను. "మాష్టారూ, మీ పిల్లికి ఎడమకాలు నొప్పండీ."

"వయసండీ. నా మోకాళ్ళు చూళ్ళేదా మీరు."

"మీ మోకాళ్ళకి చంక కింద వాపు లేదు కదండీ. డాక్టరుకి చూపిద్దాం."

"మీవన్నీ గేదెల లెక్కలు. పిల్లికి పనికిరావు," అని గిన్నె లోపలికి తీసుకుని తలుపేసుకున్నారు.

కోపం అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. ముసలి పిల్లిని తీసుకెళితే సూది వేసి శాశ్వతంగా నిద్రపుచ్చేస్తారని ఆయనకెవరో చెప్పారట. చూపించకపోతే దెబ్బ లేనట్టే. జీవితమంతా పిల్లల చేత రుజువులు రాయించిన మనిషి ఈ రుజువు పట్టుకుని కూచున్నారు.

ఇక నా తరుగు. మా ఊళ్ళో గేదెల్ని నేను చూసిన మాట నిజమే, డాక్టరు చూస్తున్నప్పుడు తాడు పట్టుకుని చూశాను. పిల్లిని ఒక్క చూపులో కనిపెట్టిన మాటా అంతే. అది రోజూ మధ్యాహ్నం నా స్కూటర్ సీటెక్కి గోళ్ళు పదును పెట్టుకునేది. సీటుకి కొత్త కవరు వేయించాను. చాలా రోజులు గడిచినా కవరు మీద ఒక్క గీతా పడలేదు. బుద్ధొచ్చింది ముండకి అని సంతోషించాను. మా ఆవిడతో చెప్పుకున్నాను కూడా. ఆ సంతోషం పాతబడ్డాక గానీ, ఎక్కలేక మానేసిందేమోనన్న అనుమానం నాకు రాలేదు. కళ్ళద్దాలు కూడా పెట్టుకునే ఉన్నాను.

"గేదెల డాక్టరుగారూ, కాఫీ చల్లారిపోతోంది," అంది మా ఆవిడ, నేను పైనుంచి దిగి రాగానే.

ఆ తర్వాత వారం తిరక్కుండానే పిల్లి కనబడకుండా పోయింది. సాయంత్రం పెట్టిన పాలన్నం పొద్దున్నకి చీమలు పట్టి ఉంది. ఆ రోజు మాసికం. వాళ్ళకి పిల్లల్లేరు కాబట్టి ప్రతి నెలా ఆవిడ తిథినాడు మాష్టారే కర్మ చేస్తున్నారు. తడిపి ఆరేసిన మడిపంచె కట్టుకున్నాక, పిండం పెట్టి అంతా పూర్తయ్యేదాకా ఎవర్నీ తాకరు. అలాంటి మనిషి మడిపంచెతో మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"అది మీ వైపు వచ్చిందాండీ?"

"లేదండీ. మీరు పైకెళ్ళండి, నేను వెతుకుతాను."

ఆయన కదల్లేదు. "ముసలి పిల్లులు చావొస్తే ఇల్లొదిలి పోతాయంటారు, నిజమేనా?"

నేను చెప్పులు వేసుకున్నాను.

"ఆవిడ అడిగింది ఒక్కటేనండీ. ఇవాళ అది పోతే ఏ మొహం పెట్టుకుని పిండం పెట్టను," అన్నారు. నా వైపు చూడకుండా, మా గుమ్మం మీద మామిడాకులతో చెబుతున్నట్టు అన్నారు.

వెతికాను. సందులో ఆగి ఉన్న కార్ల కింద, కిరాణా కొట్టు వెనక అట్టపెట్టెల్లో, కాలువగట్టు మీద. గట్టు మీద బూడిదరంగు గుడ్డపీలిక ఒకటి తుప్పకి చుట్టుకుని కనబడితే, అదేననుకుని దగ్గరికి వెళ్ళలేదు. కాసేపు అక్కడే నిలబడి, ఏ పనీ లేనివాడిలా కాలువలో నీళ్ళు చూశాను. ఇంటికి తిరిగొచ్చేసరికి మా ఆవిడ మెట్ల పక్కన ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఇక్కడేదో కుళ్ళిన వాసనొస్తోందండీ."

మెట్ల కింద నీళ్ళ మోటారు, గట్టిపడిన సిమెంటు బస్తాలు, పనికిరాని కూలరు. టార్చి వేస్తే మోటారు వెనక రెండు కళ్ళు వెలిగాయి. బతికే ఉంది. చెయ్యి పెట్టబోతే గొంతులోంచి ఒక శబ్దం చేసింది, పిల్లి చేసే శబ్దం కాదది. చెయ్యి తీసేశాను. పాలు పెట్టాను, చూడలేదు. మా ఇంట్లోంచి నాలుగు ఎండురొయ్యలు వేయించి తెచ్చి పెట్టాను. మాసికం నాడు, ఆ ఇంటి మెట్ల కింద, ఎండురొయ్యలు. ఆ వాసనకి పైనుంచి పంతులుగారు వంగి చూసి, అంగవస్త్రం ముక్కుకి అడ్డం పెట్టుకుని, లోపలికి వెళ్ళిపోయారు. పిల్లి దానికీ కదల్లేదు. టార్చి వెలుగులో దాని డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. మధ్యలో ఆగుతున్నాయి. ఆగినప్పుడల్లా నేనూ ఊపిరి బిగబట్టి, మళ్ళీ ఎగిరేదాకా చూస్తున్నాను.

అప్పుడు నాకా పాడు ఆలోచన వచ్చింది. చిన్నప్పుడు ఊళ్ళో అందరి గొంతులూ అనుకరించి తన్నులు తిన్నవాణ్ణి. నేల మీద బోర్లా పడుకుని, మోటారు సందులోకి మొహం పెట్టి, ఆవిడ గొంతుతో పిలిచాను.

"ఏ...మే. ఎక్కడ కూచున్నావే."

ఆ "ఏ" సాగింది. మెట్ల కిందనుంచి పైకి పాకింది.

"ఆఁ, వస్తున్నా," అని పైనుంచి మాష్టారి గొంతు వినపడింది.

అంతే. ఆ తర్వాత పై వాటాలో ఏ చప్పుడూ లేదు. మాసికం వంటకి వచ్చిన వంటమనిషి గరిట కూడా ఆగిపోయింది. ఎవరూ పిలవలేదని ఆయనకి మాట బయటికి వచ్చాక తెలిసి ఉంటుంది. నేను నేల మీద అలాగే ఉండిపోయాను. లేచి ఎక్కడికి వెళ్ళను. మా ఆవిడ నన్ను చూసిన చూపు గురించి రాయను.

కానీ పిల్లి వచ్చింది. ఆ గొంతుకి వచ్చింది. బస్తా పక్కనుంచి మూడు కాళ్ళ మీద ఈడ్చుకుంటూ వచ్చి నా ముందు ఒరిగిపోయింది. తువ్వాల్లో చుట్టి ఎత్తుకున్నాను. మాష్టారు మెట్లు దిగి వచ్చారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"ఆటో పిలవండి," అన్నారు.

పంతులుగారు పైనుంచి చెప్పారు. "వెళ్ళి రండి మాష్టారూ. అపరాహ్ణానికి ఇంకా వ్యవధి ఉంది. తిరిగొచ్చి స్నానం చేసి కూచుందురుగాని."

ఆటోలో పిల్లిని ఆయన ఒళ్ళో పెట్టాను. మడిపంచె మీద చీము మరక పడింది, ఆయన చూసుకోలేదు. కాలువ వంతెన మీద బండ్లన్నీ ఆగిపోయాయి. ముందు లారీ, వెనక బస్సు, హారన్లు. పిల్లి కళ్ళు మూతలు పడుతున్నాయి.

"పిలవండి," అన్నారు మాష్టారు. "మళ్ళీ అలా పిలవండి, పడుకుండిపోతోంది." 

నేను నోరు తెరిచాను. ఇందాక పైనుంచి వచ్చిన జవాబు గుర్తొచ్చి మూసేశాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల. బొచ్చు కత్తిరించి, చంక కింద వేలు పెట్టి చూసింది. "ఏదో కరిచిందండీ దీన్ని. పిల్లో కుక్కో. పైన మానిపోయి లోపల చీము పట్టి, ఇప్పుడు పగిలింది. ఎన్నాళ్ళయింది?"

మాష్టారు నేల వైపు చూశారు. నేను గోడ మీద కుక్కపిల్లల క్యాలెండరు వైపు చూశాను.

"వయసనుకున్నామమ్మా," అన్నారు మాష్టారు చివరికి.

"వయసుకి వాపు రాదు కదండీ," అంది ఆ అమ్మాయి, కసురుకోకుండానే. "మత్తిచ్చి శుభ్రం చెయ్యాలి. ఈ వయసులో మత్తులోంచి లేవకపోవచ్చు. చెయ్యకపోతే మాత్రం బతకదు. చెప్పండి."

ఆయన పిల్లి తల మీద చెయ్యి పెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టారు. ఆ చేతికి అలవాటు లేని పని. "చెయ్యండమ్మా," అన్నారు.

లోపలికి తీసుకెళ్ళారు. అప్పటికి ఎండ నడినెత్తికి వస్తోంది. ఇంటి దగ్గర పంతులుగారు, భోక్తలు ఎదురుచూస్తున్నారు. ఆయన లేచి, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చారు.

"మీరిక్కడ ఉంటారా?"

"ఉంటానండీ. ఏ సంగతైనా ఫోన్ చేస్తాను."

"చెయ్యకండి. లేచినా చెయ్యకండి. లేవకపోయినా చెయ్యకండి. పిండం పెట్టేదాకా నాకు తెలియకూడదు."

వెళ్ళిపోయారు. మరకపడిన పంచెతో, చొక్కా లేకుండా, రోడ్డు మీద ఆటో కోసం చెయ్యెత్తి నిలబడిన ఆ మనిషిని అద్దాల తలుపులోంచి చూశాను. ఆయన ఇంటికెళ్ళి, చచ్చిందో బతికిందో తెలియకుండా, చూసుకున్నానని ఆవిడకి చెప్పుకోవాలి. అబద్ధాలు చెప్పడంలో నాకున్న అనుభవం ఆయనకి లేదు. ఎలా చెబుతారో నాకు అర్థం కాలేదు.

లోపల పిల్లి బల్ల మీద నాలుక బయట పెట్టి పడి ఉంది. చీము తీసి, కుట్లు వేసి, బయటి గదిలో నా పక్కన పడుకోబెట్టాక కూడా అలాగే ఉంది. డాక్టరమ్మ వచ్చి చెవి గిల్లి చూసి వెళ్ళింది. మళ్ళీ వచ్చి గిల్లింది. ఏమీ లేదు. నాకు దేవుడి మీద గురి తక్కువ. అయినా ఆ స్కూటర్ సీటు నీకు వదిలేశానే, లే, ఎంత కావాలంటే అంత గీక్కో అని దానికి నా గొంతుతోనే చెప్పాను. చాలాసేపు చెప్పాను. పక్కన కుక్కపిల్లని ఒళ్ళో పెట్టుకున్న అమ్మాయి లేచి వేరే కుర్చీలోకి మారింది.

ఎప్పటికో చెవి కొస అదిరింది. ఈగ వాలిందేమోనని వంగి చూశాను. ఈగ లేదు.

నేను ఫోన్ చెయ్యలేదు. నా జీవితంలో ఒక మంచి వార్త అంతసేపు నోట్లో పెట్టుకుని కూచోవడం అదే మొదలు. ఎండ తగ్గాక మాష్టారు వచ్చారు. గుమ్మం దాటి లోపలికి రాలేదు, బయటనుంచే నా మొహం చూస్తున్నారు. తల ఊపాను. ఆయన అక్కడే మెట్టు మీద కూలబడిపోయారు.

పిల్లి ఇప్పటికి ఉంది. మూత్రపిండాలు కూడా అరిగాయని, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. అది పిట్టగోడ ఎక్కడం లేదు, బండ మీదే ఎండకి కూచుంటోంది. కట్టు మాష్టారే మారుస్తారు, తర్వాత స్నానం చేస్తారు. ఏటిసూతకం ఇంకా పూర్తి కాలేదు. ప్రతి మాసికానికీ ముందురోజు ఆయన మొహం ఎలా ఉంటుందో నేను చూస్తున్నాను.

ఇదంతా రాసి నిన్న ఆయనకి చదివి వినిపించాను. పాత అలవాటు కొద్దీ, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

"స్టెప్పులు తప్పండీ," అన్నారు. "పిల్లి మీ గొంతుకి రాలేదు. మీరు పిలిచాక ఇంకా లోపలికి పోయింది. మోటారు వెనక చెయ్యి పెట్టి లాగింది నేను. అప్పుడు మీరు తువ్వాలు కోసం వెతుక్కుంటున్నారు. అది కరిస్తే సూదులు వేయించుకుంది కూడా నేనే. ఇక ఆటోలో మిమ్మల్ని మళ్ళీ పిలవమని నేననలేదు. నోరు మూసుకోమన్నాను."