అడగకముందే జవాబు చెప్పిన అనిత

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా జోడ్‌భావి పేట్‌లో ఎవరికీ చెప్పుకోలేను, సాయంత్రానికల్లా నలుగురికీ తెలిసిపోతుంది. మీరైతే మా వీధివారు కాదు. వినండి.

నేను ఇంట్లో లెక్కల ట్యూషన్ చెబుతాను. నా దగ్గర చదువుకునే అనితకు డిస్లెక్సియా, అక్షరాలూ అంకెలూ తారుమారయ్యే ఇబ్బంది. పన్నెండు రాయమంటే ఇరవై ఒకటి రాసేది. కాగితం మీద అంకెలు ఆ పిల్లకు కుదురుగా నిలబడేవి కావు. అందుకని నేల మీద గళ్ల చాదర్, అదే దుప్పటి, పరిచాను. నాలుగు ఆర్లు ఎంత? నాలుగు వరుసలు, వరుసకు ఆరు గళ్లు. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, తీరిగ్గా చెప్పేది. తప్పేది కాదు.

ఆమె తండ్రి పవర్‌లూమ్ మీద చాదర్లు నేస్తాడు. కూతురు కూడా చాదర్‌నే పట్టుకుని కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. ఏం నేర్చుకుందో చూస్తానని వస్తున్నట్టు కబురు పెట్టాడు. పిల్ల అంత నెమ్మదిగా చెబితే నా పరువేం కావాలి? చాదర్ దాచేసి, ఆయన ముందు నేను అడగబోయే మూడు లెక్కలకు జవాబులు వరసగా బట్టీ పట్టించాను: ఇరవై నాలుగు, ముప్పై అయిదు, పద్దెనిమిది. నేను టీచర్నా, గారడీదాన్నా?

మొదటి ప్రశ్న గట్టెక్కింది. కాస్త ఊపిరి తీసుకుందామని, "అనితా, మీ నాయినకు చాయ్ ఇయ్యి" అన్నాను.

"ముప్పై అయిదు!"

చచ్చాననుకున్నాను. నేను అడగబోయే లెక్కకు జవాబనుకుని ఆయన మొహం వెలిగిపోయింది.

"అరే వా! అడగకముందే చెప్తున్నది! నా బిడ్డ మస్తు హుషార్ మేడమ్. ఇంక గా డాక్టర్ సర్టిఫికెట్ కశాలా, ఎందుకు? అక్కర్లేదు!"

డిస్లెక్సియా ఉందన్న ఆ సర్టిఫికెట్ ఉంటే పదో తరగతి పరీక్షలో అనితకు అదనపు సమయం ఇచ్చేవారు. తెమ్మని ఆయన వెంటపడింది నేనే. కావాలి అని ఒక్క మాట అనాల్సింది. నవ్వాను. పైగా బిస్కెట్ తీసుకున్నాను.

పరీక్షలో అనిత సగం పేపరు చేసేసరికి గంట కొట్టారు. లెక్కల్లో తప్పింది. ఇంత హుషారు పిల్ల కావాలనే రాయలేదని తండ్రి తిట్టాడు. ఆ రోజు బట్టీ పట్టించింది నేనని ఆమె బయటపెట్టలేదు. మళ్లీ పరీక్షకూ కూర్చోలేదు. ఇప్పుడు దగ్గర్లోని కుంభారి ఊళ్లో బీడీలు చుడుతోంది. బస్సులో కనబడితే లేచి నాకు సీటిస్తుంది. సిగ్గు లేకుండా కూర్చుంటాను.

క్షమించమని అడగను. ఎవరిని అడగాలి, మిమ్మల్నా? చెప్పేశాక మాత్రం ఊపిరి ఆడుతోంది. ఆ రోజు జవాబులు అనితవి కావు, నావి. ఆమె జవాబులు సరైనవే, కాస్త ఆలస్యంగా వచ్చేవి. ఆగలేకపోయింది నేను.