రాలేదు అనే బటన్

పొద్దున్న సరిగ్గా ఆరుగంటలకు ఫోను ఒకసారి గుర్రుమంటుంది. ఉమాదేవి పొయ్యి దగ్గర్నుంచి లేచి, చేతులు చెంగుకు తుడుచుకుని, దాని మీద పడిన మాట చదువుతుంది. రోజూ ఒకటే మాట. 'రాము గారి ప్రయాణం ఇంకా ముగియలేదు. క్షేమంగా తిరిగొచ్చారా?' కింద రెండు బటన్లు. పచ్చగా, పెద్దగా ఉన్నది 'అవును'. బూడిదరంగులో, చిన్నగా ఉన్నది 'తర్వాత గుర్తుచేయి'. ఆమె బూడిదరంగుది నొక్కి, ఫోను గూట్లో పెట్టి, మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంటుంది. అలా నలభై రోజులు నొక్కింది.

హంసలదీవి దగ్గర సముద్రాన్ని నమ్ముకున్న నూటపాతిక గడపల్లో ఆమెది ఒకటి. చదువు ఐదో తరగతి దాకా. గట్టిగా మాట్లాడటం ఎరగదు. చేపల గంప దించి, ఒక్క ధర చెప్పి, ఊరుకునేది. కొనేవాళ్ళే నాలుగు గంపలు చూసొచ్చి, చివరికి ఆ ధరకే తీసుకుపోయేవాళ్ళు. "నీ మొండితనం ముందు కెరటం కూడా వంగాల్సిందే" అని మొగుడు రాము నవ్వేవాడు.

నిరుడు ఆ ఊరికి 'దరి' అనే ఆప్ వచ్చింది. బందరులో ఒక కంపెనీ తయారుచేసింది. బోటెక్కే ప్రతి మనిషి పేరూ, ఇంటి నంబరూ అందులో ఉండాలి. ఒడ్డెక్కాక 'తిరిగొచ్చారు' అని నొక్కితే ఆ ప్రయాణం మూసుకుంటుంది. మూసుకోకపోతే అదే బోటుకు మళ్ళీ టోకెన్ రాదు. టోకెన్ లేనిదే రేవులో డీజిలు పొయ్యరు, ఐసు ఇవ్వరు. పేర్లు రాసుకోవడానికి పలకలాంటి ఫోను పట్టుకుని ఒక పిల్ల ఇల్లిల్లూ తిరిగింది. "మీ ఇంటి నంబరు చెప్పండి" అంటే ఉమాదేవి తడుముకోకుండా పది అంకెలూ చెప్పేసింది. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను మరి. ఆ ఫోను పాలిథీన్ కవరులో చుట్టుకుని రాము మెళ్ళో వేళ్ళాడుతూ రోజూ వేటకు వెళ్తుంది. ఒడ్డెక్కాక తడిచేతులు లుంగీకి తుడుచుకుని తనే నొక్కేవాడు. అందులో తిరకాసు ఉందని ఎవరికి తోస్తుంది?

రాము ఆఖరిసారి వేటకెళ్ళిన రోజు ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర బోటు బోల్తా కొట్టింది. బోటు జాడ తెగిపోయిందని పది గంటల ఇరవై నిమిషాలకు కంపెనీ నుంచి ఇంటి నంబరుకు హెచ్చరిక వెళ్ళింది. వెళ్ళిందంటే, నీళ్ళలోకి వెళ్ళింది. బోటులోని తక్కిన ముగ్గురూ డీజిలు క్యాన్లు పట్టుకుని ఈదుతూ మడచెట్ల వైపు తేలి, ఊళ్ళోకి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. అప్పటిదాకా ఒడ్డున ఆరు బోట్లు ఊరికే ఉన్నాయి. ఉమాదేవి రాముకిష్టమని చింతచిగురు దూస్తూ ఉంది.

మర్నాడు బోటు దొరికింది. మనిషి దొరకలేదు. బోటు యజమాని పోతయ్య మరమ్మతు చేయించి, పాత ఫోనొకటి తెచ్చి, అదే నంబరుతో కొత్త సిమ్ము వేయించి ఉమాదేవి చేతిలో పెట్టాడు. అప్పట్నుంచి పూట పూటకీ వచ్చి గడప దగ్గర చతికిలబడతాడు.

"ఒక్క నొక్కుడే గదే అమ్మాయ్. అవునంటే ఏం పోతుంది?"

"ఏం పోని పనైతే నన్నెందుకు బతిమాలతావు మావయ్యా?"

"మూడిళ్ళవాళ్ళు పని లేక కూర్చున్నారే."

"ఆ మూడిళ్ళవాళ్ళూ నన్నొక్క మాట అనలేదు. నువ్వంటున్నావు."

"మూడు రోజులు మొగంతా వల తిప్పింది నేను కాదూ?"

"అందుకే కాఫీ ఇస్తున్నాను. లేకపోతే ఈ గడప దగ్గర కూర్చోనిచ్చేదాన్నా?"

నులకమంచం మీద నుంచి అత్తగారు పాపాయమ్మ అందుకుంది. "వచ్చాడని నొక్కుతుందిలేరా పోతయ్యా. ముందు నా కొడుకుని పిలుచుకురా, అన్నం పెడతాను."

పోతయ్య కాఫీ గ్లాసు కింద పెట్టేసి వెళ్ళిపోయాడు.

నలభై ఒకటో రోజున, మూసుకోని ఆ ప్రయాణం సంగతి చూడ్డానికి కంపెనీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు వినీల. పుట్టింది నందివాడ, చదివింది గుడివాడ. మెళ్ళో సన్నటి సిలువ, కాళ్ళకు బురద.

"అదిగో, ఇంకో పలకమ్మ" అంది పాపాయమ్మ.

వినీల ఆ పలకను సంచిలోంచి తియ్యనే లేదు. చెప్పులు బయట విడిచి కింద కూర్చుంది.

"నువ్వేం పని చేస్తావమ్మా?" అనడిగింది ఉమాదేవి.

"ప్రొడక్ట్ మేనేజర్నండీ. అంటే, ఆప్‌లో ఏముండాలో ఏముండకూడదో చూసే పని."

"అయితే నలభై రోజుల్నుంచి నీకోసమే చూస్తున్నాను. లే, చూపిస్తాను."

ఆ రోజూ మర్నాడూ ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. ఉమాదేవి అడిగింది ఒకటే ప్రశ్న: "మీ ఆయన నీళ్ళ మీదున్నప్పుడు నీ ఇంట్లో ఏ ఫోను మోగుతుంది?" నూటపాతిక ఇళ్ళలో పంతొమ్మిది ఇళ్ళలోనే జవాబు వచ్చింది. తక్కిన ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాక ఉమాదేవి ఫోను ఒళ్ళో పెట్టుకుంది. "ఆ నంబరు చెప్పింది నేనే. నా నోటితో నేనే చెప్పాను" అంది.

"మీ తప్పు కాదక్కా." వినీల తలెత్తలేదు. "ఇంటి నంబరు చెప్పండి అన్న ప్రశ్న రాసింది నేను. మా ఇంట్లో నాలుగు ఫోన్లు. మా ఇల్లు చూసుకుని రాశాను. ఆ రెండు బటన్లూ నేను పెట్టినవే."

ఉమాదేవి ఆ పిల్ల వంక తేరిపార చూసింది. తిట్టడానికి నోటిదాకా వచ్చిన మాటలన్నీ ఆగిపోయాయి. వినీల కళ్ళు తుడుచుకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏడుపు తర్వాత. ముందు దిద్దు."

"మా ఆఫీసులో నేను చెబితే వినరక్కా. మీరు రావాలి."

కోడూరు మీదుగా అవనిగడ్డ దాకా ఆటోలో, అక్కణ్ణుంచి బందరు బస్సులో వెళ్ళారు. ఏసీ గదిలో పొడుగాటి బల్ల చుట్టూ ఏడుగురున్నారు. వాళ్ళకు పెద్ద మోహన్ అనే ఆయన. మర్యాద తెలిసిన మనిషే, లేచి కుర్చీ వేశాడు. వినీల చూసొచ్చిందంతా చెప్పి, మూడో బటన్ ఒకటి కావాలంది. 'రాలేదు' అని.

"మీ బాధ అర్థమైందండీ," అన్నాడు మోహన్. "ఫోన్ నంబర్ల సంగతి మారుద్దాం. కానీ అలాంటి మాట స్క్రీన్ మీద కనపడితే జనం భయపడతారు. ఆప్ తీసేస్తారు. మీ బోటు ప్రయాణం మేమే ఇక్కణ్ణుంచి మూసేస్తాం. మీరేం నొక్కక్కర్లేదు."

"మూసేస్తే ఏమని పడుతుంది బాబూ?"

మోహన్ పక్కనున్న కుర్రాడి వంక చూశాడు. ఆ కుర్రాడు గొణిగాడు: "'తిరిగొచ్చారు' అనే పడుతుందండి. ఇంకో మాట లేదు."

ఉమాదేవి రవికలోంచి ఫోను తీసి బల్ల మధ్యలో పెట్టింది. ఆ పొద్దుటి మాట ఇంకా అలాగే ఉంది. ఎప్పుడూ నొక్కే బూడిదరంగు బటన్ ఆ పూట నొక్కలేదు.

"అక్కడెక్కడో కాదు. ఇక్కడ, నా ఎదురుగా నొక్కండి. మీలో ఎవరో ఒకరు. మా ఆయన క్షేమంగా వచ్చాడని మీ వేలితో నొక్కండి. నేను ఒక్క మాటనకుండా లేచిపోతాను."

ఏడుగురి చేతులూ బల్ల కిందకి పోయాయి.

"జనం భయపడతారంటారా? భయం మాకు కొత్త కాదు బాబూ. రోజూ దాన్ని మింగే ఒడ్డున నిలబడతాం. మీ ఫోనుకే కొత్త."

మోహన్ ఆ ఫోనును మెల్లగా ఆమె వైపు జరిపాడు. "ఎన్నాళ్ళు పడుతుంది?" అని వినీలనడిగాడు.

"పది రోజులు."

"వారంలో చెయ్యండి," అంది ఉమాదేవి. "మా మావయ్య కాఫీ ఖర్చు భరించలేకపోతున్నాను."

నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

ఎనిమిదో రోజు పొద్దున్న ఆరుగంటలకు ఫోను గుర్రుమంది. ఈసారి మూడు బటన్లు. మూడూ ఒకే రంగు, ఒకే కొలత. పోతయ్య గడప అవతలే నిలబడ్డాడు. కూర్చోలేదు, ఏమీ అడగలేదు. ఇన్నాళ్ళూ కావాలని పోట్లాడి తెచ్చుకున్న మాట తీరా ఎదురుగా వచ్చేసరికి ఉమాదేవి వేలు ముందుకు సాగలేదు. 'తర్వాత' అనే మాట పక్కనే ఉంది. అలవాటైన మాట. ఆమె మంచం వైపు చూసింది. పాపాయమ్మ లేచి వచ్చి కోడలి భుజం మీద చెయ్యి వేసి, "నిజం నొక్కు తల్లీ," అంది.

నొక్కింది.

తెర ఒకసారి తెల్లబడి, మీద రంగు రంగుల కాగితం ముక్కలు రాలాయి. 'ధన్యవాదాలు! మీ ప్రయాణం విజయవంతంగా ముగిసింది!'

ఉమాదేవి కంట్లో తిరిగిన నీళ్ళు తిరిగినట్టే నిలిచిపోయాయి. అక్కడికక్కడే వినీలకు ఫోను కలిపింది.

"పువ్వులు చల్లుతోందేంటమ్మాయ్, నీ ఆప్?"

"అయ్యో అక్కా... అది చివర్లో మామూలుగా వచ్చేది. చూసుకోలేదు. నేనిప్పుడే బయల్దేరి వస్తాను."

"నువ్వు రావద్దు. వచ్చి నన్ను ఓదార్చే టైములో అది తీసెయ్యి. ఇంకో ఆడది చూడకముందే తీసెయ్యి. సాయంత్రం మళ్ళీ చేస్తాను."

ఫోను గూట్లో పెట్టి, గడప అవతలున్న మనిషితో అంది:

"నీకు టోకెన్ వస్తుంది, వెళ్ళు మావయ్యా. వేటకెళ్ళే వాళ్ళందరి పేర్లూ నాకు చెప్పి మరీ వెళ్ళు. ఒడ్డునుండే నంబరు కింద నాది రాయించు. ఈ ఫోను ఇక నీళ్ళ మీదకి వెళ్ళదు."