గంట రాకముందు మా అత్తగారి పిలుపు

మొన్న శనివారం పొద్దున్నే, భీమవరం పక్కనున్న మా అత్తవారి ఊరి నుంచి మా ఆడపడుచు ఫోను చేసి, "వదినా, గంట కట్టేశారు, రేపే మోగిస్తారు" అని చెప్పింది. రాజమండ్రిలో మా వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఆ మాట వింటూ, పొయ్యి మీద పాల సంగతే మరచిపోయాను. దేవునికి స్తోత్రం అనుకున్నాను గాని, ఆ కబురు ముందుగా వినవలసిన మనిషి లేదు కదా అని మనసు ఎటో వెళ్లిపోయింది.

మా వైపు చిన్న చిన్న ప్రార్థనా మందిరాలకు కంచు గంటలు ఎక్కడివండి? రైలుపట్టా ముక్కో, అడుగు కోసేసిన ఖాళీ సిలిండరో వేలాడగట్టి సుత్తితో కొట్టేవారు. మా మందిరానికి అదీ లేని రోజుల్లో, మా వారు ఎలక్ట్రీషియనుగా పనిచేసే ఐసు ఫ్యాక్టరీ యజమాని, శివపూజ చేయనిదే మంచినీళ్లు ముట్టని వర్తకుడు, కరెంటు గదిలో మంటలార్పడానికి ఉంచిన పాత సిలిండరు ఒకటి గంట చేసుకోమని ఇచ్చారు. ఆయన మంచి మనసును ఇప్పటికీ తలచుకుంటాను.

అయితే దాని నిండా హాలన్ అనే వాయువు ఉంది. దాన్ని గాలిలోకి వదలకూడదని నిబంధన వచ్చిందనీ, అది పైకి పోయి ఎండలోని చెడును అడ్డుకునే ఓజోను పొరను తినేస్తుందనీ, వేరే పాత్రలోకి తోడగలిగినవాళ్లకే అప్పగించాలనీ, కొత్త సిలిండర్లు బిగించడానికి వచ్చినవాళ్లు మా వారితో చెప్పారు. సంఘపెద్దలేమో అప్పటికే ఆ వాయువు వదిలేసి సిలిండరు కోయించాలని కాలవగట్టు మీద పానా పట్టుకుని కూర్చున్నారు. క్రిస్మస్‌కి గంట మోగాలని పాపం వాళ్ల ఆశ.

"ఏంటబ్బాయ్, ఇంత ఆకాశానికి ఈ సీసాడు గాలి ఎక్కువైపోయిందా?" అని మా వారిని చూసి నవ్వారు.

అప్పుడు మా అత్తగారు కొంగు బిగించుకుంటూ వచ్చి సిలిండరు మీద చెయ్యి వేశారు. "దేవుడు కప్పిన దుప్పటికి మనమే చిల్లి పెట్టి, మళ్లీ దీన్నే కొట్టి ఆయన్ని పిలుస్తామా? తీసుకెళ్లేవాళ్లు వచ్చేదాకా మా ఇంట్లో ఉంటుంది."

"మరి గంటో, అక్కా?"

"నేను లేనేంటి?"

ఆ మాట ఊరికే అన్నది కాదు. ప్రతి ఆదివారం మంచు తెరలు కాలవ మీద నుంచి లేవకముందే, తెల్లచీర కట్టుకుని ఆవిడ గట్టు వెంట నడుస్తూ, ఒక్కొక్క గుమ్మం ముందు ఆగి పేరుపేరునా పిలిచేవారు. జ్వరం తగ్గిందా అనేవారు, నిన్నటి కోపం పోయిందా అనేవారు. కొత్త కోడల్ని నేను, నిద్రమత్తులో ఆ గొంతు దూరమై మళ్లీ దగ్గరవుతుంటే కలలో వింటున్నట్టే ఉండేది. సిలిండరు మాత్రం దొర్లిపోకుండా, ఎండ తగలకుండా, నడవ మూల స్తంభానికి ఆవిడ పాతచీరతో కట్టేసి ఉండేది. అక్కకి ముసలితనాన కొడుకు పుట్టాడని వీధిలో వేళాకోళం. వాయువు కారిపోతోందేమోనని మా వారు ఏటా ధాన్యం కాటా మీద దాన్ని తూచినప్పుడల్లా, "తగ్గలేదు కదరా?" అని ఆవిడ అడిగేవారు. తగ్గలేదు. తీసుకెళ్లేవాళ్లూ రాలేదు. కాళ్లు పడిపోయాక కూడా అరుగు మీద నుంచే పిలుస్తూ, ఒక వానాకాలం ఆవిడ ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు.

ఆ తరవాత ఎన్నాళ్లకో, ఈ వేసవిలో ఫ్యాక్టరీవాళ్లు కబురు పెడితే ఆ వాయువు తోడుకెళ్లేవాళ్ల వ్యాను వచ్చింది. వాయువునంతా భద్రంగా తోడుకుని, ఇక కోసుకోవచ్చని ఉత్త సిలిండరు తిరిగి ఇచ్చారు.

ఆదివారం మేమూ వెళ్లాం. మంచి నాదమండి, పొలాల మీదుగా చాలా దూరం సాగింది. అందరినీ ఒక్కసారే పిలిచింది, ఎవరి గుమ్మం ముందూ ఆగలేదు. గంట మోగి ఊరుకున్నాక కూడా నేను ఇంకా ఎవరో పిలుస్తారని గట్టు వైపే చూస్తూ నిలబడ్డాను. ఇంట్లో ఆ స్తంభానికి పాతచీర ఇంకా అలాగే ఉంది. మా ఆడపడుచు విప్పలేదు, నేనూ విప్పమనలేదు.

మీ ఊళ్లో ఏ గంట విన్నా, తల పైకెత్తి ఆకాశం చూసినా, ఒక్క క్షణం మా అత్తగారిని తలచుకోండి.