ఆగిన వరస నుంచి

మా ఇంట్లో ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఎప్పుడో పోయింది. ప్లగ్గులో ఉంటేనే పని చేస్తుంది. మన్యంలో, ముంచింగిపుట్టు వెళ్లే దారిలో ఉన్న మా ఊళ్లో గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, కరెంటు ఉండదు.

విశాఖలోని ఒక చిన్న కంపెనీకి నేను ఇంటి నుంచే పని చేస్తాను. కంప్యూటర్‌తో వరసగా పనులు చేయించే వాళ్ల షెల్ స్క్రిప్టులు సరిగ్గా నడుస్తున్నాయో లేదో పరీక్షించాలి. అందుకు ఒక ఉచిత టూల్ ఉంది. నల్లటి తెర మీద ఒక్క కమాండ్ కొడితే పరీక్షలన్నీ వరసగా నడిపి, ఏది పాసైందో ఏది ఫెయిలైందో చెబుతుంది. మధ్యలో కరెంటు పోతే మాత్రం మళ్లీ మొదటి పరీక్ష నుంచే.

ఆ టూల్‌ని ఎవరైనా బాగుచేసి పంపొచ్చు. నచ్చితే దాన్ని చూసుకునేవాళ్లు కలుపుకుంటారు. కిరాణా కొట్లో పప్పు అడగడానికే మొహమాటపడే నేను, ఆగిన చోటు నుంచి నడిచేలా కోడ్ మార్చి పంపించాను. పంపి ల్యాప్‌టాప్ మూసేసి, నవల తెరిచి, ఒకే పేజీని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

జవాబు మర్నాడు వచ్చింది. "సగంలో ఆగిన పరీక్ష వదిలేసిన ఫైళ్లు అలాగే ఉండిపోతున్నాయి. మళ్లీ నడిపితే మంచి పరీక్ష కూడా ఫెయిలవుతోంది. ఇది సరిచేయగలిగితేనే కలుపుతాం."

ఎంత ఆలోచించినా దారి దొరకలేదు. అంతలో పెరట్లోంచి అమ్మ కేక.

"ఏటే గుంటా, ఏటి సేత్తన్నావు? బేగి రా, మబ్బేసీసింది!"

ఎండబెట్టిన కాఫీ పళ్లను వరసలవారీగా తిరగేస్తున్నాం ఆ వారమంతా. తిప్పుతున్న వరస మీద గుర్తుగా కర్ర అడ్డంగా పడేసి, పైన టార్పాలిన్ కప్పేశాం. మబ్బు చినుకు రాల్చకుండానే పోయింది. టార్పాలిన్ తీసి, కర్ర ఉన్న చోటు నుంచి తిప్పబోయాను.

"అలా కాదే! సగం తిప్పిన వరస తిప్పినట్టేటి? కుప్పపడిపోనాది సూడు. ముందు సదును సేసి, ఆ వరస మొదల్నుంచి తిప్పు."

"మరి ముందు తిప్పిన వరసలు?"

"అయ్యి అయిపోనాయి గదే! సదువుకున్న గుంటవి, అదీ నానే సెప్పాలేటి?"

ఆ వరస చదును చేస్తుంటే సగంలో ఆగిన నా పరీక్ష గుర్తొచ్చింది. తిప్పడం పూర్తి చేసి ల్యాప్‌టాప్ దగ్గరికి పరిగెత్తాను.

ప్రతి పరీక్షకూ విడిగా ఒక ఫోల్డర్ ఇచ్చాను. పరీక్ష పూర్తయితేనే టూల్ దానికి గుర్తు పెడుతుంది. గుర్తు లేని పరీక్ష కనబడితే, దాని ఫోల్డర్ తుడిచేసి ఆ ఒక్కదాన్నే మొదటి నుంచి నడుపుతుంది. సరిచూడడానికి పరీక్షలు నడుస్తుండగా ప్లగ్గు పీకాను. పెట్టాను. మళ్లీ పీకాను. ప్రతిసారీ ఆగిన పరీక్ష దగ్గరే మొదలైంది.

అమ్మ గుమ్మంలోకి వచ్చి చూసింది. "ఉన్న కరెంటు నువ్వే పీకీసుకుంటన్నావేటే? బుర్ర గాని పోనాదా?"

"బాగుందమ్మా, చాలా బాగుంది!" అంత గట్టిగా అన్నానని పక్కింటావిడ తొంగి చూశాకే తెలిసింది.

ఈసారి పంపాక ల్యాప్‌టాప్ మూయలేదు. వచ్చిన జవాబును డైరీలో రాసుకున్నాను: "మా దగ్గర కరెంటు పోదు. అందుకే ఈ అవసరం మాకెప్పుడూ తట్టలేదు. కలిపేశాం."

కొత్త వెర్షన్ వచ్చిన రోజే దాన్ని దించుకుని కంపెనీ పరీక్షలు మొదలుపెట్టాను. గాలి లేచింది. తెర ఆరిపోయింది.

"పోనాదా? మల్లీ మొదల్నుంచేనా నీ బతుకు?" అంది అమ్మ, చేటలో పళ్లు ఏరుతూ.

నేనూ వెళ్లి ఆ చేట పక్కన కూర్చున్నాను. కరెంటు వచ్చాక కమాండ్ కొట్టాను. అయిపోయిన పరీక్షలన్నిటినీ వదిలేసి, ఆగిన దాని దగ్గర మొదలై, చివరిదాకా పాసైనట్టు చూపే ఆకుపచ్చ రంగులోనే నడిచింది.

"కాదమ్మా," అన్నాను, "ఆ వరస నుంచే."