ఓబులమ్మ ఆవుకు నేను తీసిన దిష్టి

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని గుండెలో మోస్తున్నాను. చాలా చిన్న అబద్ధం, ఒక్క మాట. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఉరవకొండ దగ్గర ఒక పల్లెలో, పాల కేంద్రంలో పాలు పరీక్షించడం నా పని. మాకొక మిషన్ ఇచ్చారు. ఆవు పాలు కొంచెం పోస్తే చాలు, పొదుగువాపు పైకి కనబడకముందే ఎర్రదీపం వెలుగుతుంది. అప్పుడే మందు పడితే ఆవూ నిలుస్తుంది, దాని మీద బతికే ఇల్లూ నిలుస్తుంది. ఎర్రదీపం వెలిగితే ఆ ఇంటివాళ్లకు చెప్పాల్సింది నేనే.

ఆ తెల్లవారుజామున మంచు పట్టి చేలు కనబడలేదు. కేంద్రంలో పాల ఆవిరి, మిషన్ సన్నని రొద. అంతా సగం నిద్రలో ఉన్నట్టుంది. మంచులోంచి ఓబులమ్మ క్యాను పట్టుకుని వచ్చింది. మా పక్కింటి మనిషి. వానల్లేక చెనక్కాయ పంట ఎండిపోయిన ఏడాది మేత లేక నా ఆవును సంతకు తోలేశాను. ఆమె మాత్రం కడుపు మాడ్చుకుని తన ఆవును నిలబెట్టుకుంది.

ఆమె పాలు పోశాను. నా అరచేతి చాటున ఎర్రదీపం వెలిగింది.

“ఏమక్కా, పాలు బాగుండాయా?”

“బాగుండాయి పో.”

ఎందుకలా అన్నాను? నిద్రమత్తా? కాదు. నా కొట్టంలో ఖాళీ గుంజ, ఆమె కొట్టంలో నిండు పొదుగు. కుళ్లుకున్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. రేపు వచ్చాక, నిన్ననే ఎందుకు చెప్పలేదని అడుగుతుందేమోనని భయపడ్డాను, అలా రోజూ ఆ దీపం వెలుగుతూనే ఉంది, నేను దాని మీద అరచెయ్యి కప్పుతూనే ఉన్నాను.

పొదుగు గట్టిపడ్డాక ఓబులమ్మ మా ఇంటికే పరుగెత్తుకొచ్చింది. “ఎవురి కన్నో తగిలిందక్కా. నీ చెయ్యి మంచిది, దిష్టి తీద్దువు రా.”

పోయాను. ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి ఆవు చుట్టూ తిప్పాను. అది నా మోచెయ్యి నాకింది. మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటే రాలేదు.

“చూస్తివా, ఎంత దిష్టి ఉండాదో!” అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? డాక్టరును పిలుద్దామని మాత్రం అన్నాను. ఆయన వచ్చేసరికి ఆలస్యమైపోయింది. సగం పొదుగు ఎండిపోయింది. ఆవు సంతకు పోయింది. ఓబులమ్మ కూలికి పోతోంది.

కలలో ఆ ఆవు మంచులోంచి నడిచొచ్చి నా ఖాళీ గుంజ దగ్గర నిలబడుతుంది. పాలు పితుకుతాను. ఏ దీపమూ వెలగదు. మెలకువ వచ్చాక చాలాసేపు చేతులు వెచ్చగా ఉంటాయి.

ఇప్పుడు ఎవరి పాలకు ఎర్రదీపం వెలిగినా, అవి చల్లారకముందే వాళ్లింటికి పరుగెడతాను. అందరూ మంచిదాన్నంటారు. మొన్న ఓబులమ్మ తన మనవరాలికి దిష్టి తీయమని మళ్లీ నన్నే పిలిచింది. గుప్పిట్లో ఉప్పు చెమటకు తడిసిపోయింది. ఆమెకు చెప్పలేకపోయాను. ఎప్పటికైనా చెబుతానో లేదో తెలియదు.

మీకు చెబుతున్నాను. ఆ ఆవుకు తగిలిన కన్ను నాదే. ఇంత రాశాక, సిగ్గుగానే ఉంది కానీ, ఊపిరి కాస్త ఆడుతోంది.