వదిన తోలొద్దన్న పెట్ట

మా పెట్టలు గుడ్లు పెట్టేశాయండీ! పోయిన వదిన గురించి నలుగురికీ చెప్పుకుందామని కాగితం తీసుకుని, మొదటి ముక్క ఇదే రాసేశాను. కొట్టేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. మా అన్నయ్య భార్య, తల్లిలాంటి నా వదిన, మొన్న మంగళవారం పొద్దున్నే కన్నుమూసింది. ఆ రోజు కూడా నా నోటి వెంట ముందుగా వచ్చింది ఈ సంతోషపు కబురే. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

అన్నయ్య పోయిన దగ్గర్నుంచి వదిన మా పక్క గదిలోనే ఉండేది. చూరు ఒకటే, పొయ్యిలు రెండు. ఆ పెట్టలు ఆవిడ పొదిగించి మాకిచ్చినవే. అవి పిల్లలుగా ఉన్నప్పుడు పెరట్లో గద్ద నీడ పడితే చాలు, చేట పట్టుకుని పరిగెత్తేది. తను తాగే చోడి అంబలి అడుగున కాస్త మిగిల్చి, వేలితో తీసి వాటికి పెట్టేది. నేను వెక్కిరిస్తే, "నీకు మిగల్సలేదనేటి నీ ఏడుపు?" అనేది. చీకటి పడే ముందు వాటిని గంప కింద కమ్మి, గంప మీద ఒకసారి మెల్లగా తట్టేది. మా ఆవిడకి జబ్బు చేసిన ఏడాది మా పిల్లలు నిద్రపోయింది కూడా ఆ చేతి కిందే.

పెట్టలు ఎదిగాయి. గుడ్డు మాత్రం లేదు. నేను ఊరుకునే మనిషిని కాను కదా, సంతకి పట్టుకెళ్ళి అమ్మేస్తానన్నాను. వదిన ఒకదాన్ని దగ్గరికి పిలిచి, వీపు మీద చెయ్యి వేసింది. అది ఒదిగి కూర్చుంది.

"ఏటి మరిదీ నీ తొందర? నెత్తి మీద తురాయి ఇప్పుడిప్పుడే ఎర్రబడతన్నాది. సెయ్యేస్తే కూకుంతన్నాది. ఇంక పెట్టేస్తాది."

"ఎప్పుడొదినా, నేను పోయాకా?"

"నువ్వెక్కడికి పోతావు? ముందు పోయేదాన్ని నేను. గుడ్డు సూసే పోతాను," అని నవ్వింది.

తరవాత జ్వరం తగిలి మంచం పట్టింది. పొద్దున్నే నేను గుమ్మంలోకి వెళితే మందుల మాట ఎత్తేది కాదు. "పెట్టాయేటి?" అనేది. "లేదొదినా," అనేవాణ్ణి. ఆ రోజుల్లోనే ఒక పెట్ట ఆవిడ మంచం కింద దూరడం మొదలెట్టింది. రోగిష్టి మనిషి గదిలో కోళ్ళేమిటని నేను కర్ర పుచ్చుకుని తోలేవాణ్ణి.

"తోలకు మరిదీ. అది సోటు సూసుకుంతన్నాది."

జ్వరం మాటలనుకున్నాను. వదినకి ఎంత సేవ చేస్తున్నానో అని లోలోపల మురిసిపోయాను కూడా.

ఊపిరి ఆగాక, మా వాళ్ళ ఆచారం ప్రకారం వదినని నేల మీదకి దించి, మంచం బయటికి తీశారు. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. మంచం ఉన్నచోట గోడవారగా వదిన పాతచీర ముక్క. అందులో గుడ్లు. కొత్తపెట్టల గుడ్లు, చిన్నవి, ఒకదాని మీద నెత్తుటి చార.

"ఒదినా! పెట్టేశాయొదినా!" అని చేతులెత్తి అరిచాను.

ఏడుపులు ఠక్కున ఆగిపోయాయి. "ఓలమ్మో, సావింట్లో ఏటయ్యా ఆ కేక! మతి గాని పోనాదేటి?" అని మా ఆవిడ నా భుజం మీద ఒక్కటిచ్చింది. నోరు మూసుకున్నాను. లోపలి సంతోషానికి మాత్రం మూత పడలేదు. అంత్యక్రియలు చేసి తిరిగొస్తున్నప్పుడు కూడా ఆ గుడ్లే కళ్ళలో మెదిలాయి.

ఆ చీర ముక్క తనంతట తాను కిందికి వెళ్ళదు. వదినే మంచం మీంచి జార్చి ఉంటుంది. ఆవిడకి వంగే ఓపిక లేదు, నాకు వంగి చూద్దామన్న బుద్ధి లేదు. రోజూ అడిగింది, రోజూ లేదన్నాను.

పెట్ట ఇంకా వస్తోంది. మంచం లేని ఆ ఖాళీలో గుండ్రంగా తిరిగి, చీర ముక్క మీద సర్దుకుని కూర్చుంటోంది. కర్రని విరిచి పొయ్యిలో పెట్టేశాను.

చావు కబురు అందరికీ అందింది. గుడ్ల కబురే పొరుగూళ్ళలో ఎవరికీ చెప్పలేదు. దినం అయ్యాక చెప్పాలి. కొత్తవలసలో కొత్త రైలు లైను మీద పని చేస్తున్న మా పెద్దవాడికి. నెల్లిమర్ల మిల్లులో ఉన్న వదిన తమ్ముడికి. మా చిన్నమ్మాయికి, దాని అత్తగారికి కూడా, మా పెట్టలు కూరకి తప్ప పనికిరావంది ఆవిడ. ఆఖరున శ్రీముఖలింగంలో వదిన అప్పకి, అంటే వాళ్ళక్కకి. ఆవిడకి చెవులు వినబడవు. చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అరవాలి. అక్కడికి మాత్రం నేనే వెళతాను.