దీక్షా శిబిరంలో ఐదో రౌండు

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో మా కోరుట్ల దీక్షా శిబిరంలో రాజకీయాల కంటే ఎక్కువసేపు చర్చకు వచ్చిన విషయం ఒకటుంది. చెబితే ఇప్పటివాళ్లు నమ్మరు. ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ ఎందుకు ఓడిపోయాడన్నదే ఆ విషయం.

అప్పుడు నేను కోరుట్లలో తెలుగు టీచర్ని. కాపురం జగిత్యాలలో. సమ్మెతో బళ్లు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, దొరికిన ఆటో పట్టుకుని రోజూ వచ్చేదాన్ని. రోడ్డు పక్కన టెంటు వేసుకుని రోజుకు ఏడెనిమిది మందిమి రిలే నిరాహార దీక్షలో కూర్చునేవాళ్లం. పొద్దున పదింటికి మెడలో దండ వేసి కూర్చోబెడితే సాయంత్రం ఐదింటికి నిమ్మరసం ఇచ్చి లేపేవారు. అందులో కష్టం ఆకలి కాదు, పొద్దు పోకపోవడం. పన్నెండింటి వరకు నినాదాలు, పాటలు నడిచేవి. తర్వాత గొంతులు పోయేవి. రెండు కాగానే రోడ్డుకు అవతలివైపు మిర్చిబజ్జీల బండివాడు మూకుట్లో నూనె పోసేవాడు. ఆ వాసన వచ్చినప్పుడు మాలో ఎవరూ ఎవరి ముఖంలోకీ చూసుకునేవాళ్లం కాదు.

నా చేతిరాత బాగుంటుందని, రోజూ సాయంత్రం పత్రికలకు పంపే ప్రెస్‌నోట్ రాసే పని నాకు అంటగట్టారు.

మా వ్యాయామ ఉపాధ్యాయుణ్ని అందరూ పీఈటీ సారు అనేవాళ్లు. ఆరడుగులు దాటిన మనిషి, అందుకు తగ్గ మీసం, అంతకు మించిన గొంతు. దీక్షలో కూర్చున్నా మెడలో పూలదండతో పాటు విజిల్ వేలాడుతూనే ఉండేది. వెల్గటూరు దిక్కు ఊళ్లో దొరల కుటుంబం ఆయనది. భూములు పోయి, గడి కూలిపోయి, ఆయన ఉద్యోగంలో చేరాడు. అదే ఊరివాడు మా టెంటు హౌస్ యజమాని. టెంటు, జంపఖానాలు, మైకు అన్నీ ఉద్యమానికి ఉచితంగా ఇచ్చాడు. సన్నగా, పొట్టిగా, గుంజకు బిగించి కట్టిన తాడులా ఉండేవాడు. దుబాయిలో పదేళ్లు మూటలు మోసి వచ్చాడు. వాళ్లది భూమి లేని క్రైస్తవ కుటుంబం. తన తండ్రి సారు వాళ్ల తాత ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచేవాడని ఒకసారి నాతో చెప్పాడు. కోపంగా కాదు, ఊరి సంగతులు చెబుతూ మాటల్లో అన్నాడు.

ఇద్దరికీ బాక్సింగ్ అంటే ప్రాణం. సారు పుస్తకాల్లో చదివాడు. టెంటాయన దుబాయిలో కార్మికుల క్యాంపులో శుక్రవారాలు కేరళవాళ్లతో, ఆఫ్రికావాళ్లతో కలిసి టీవీలో చూశాడు, సరదాకు చేతులకు గుడ్డలు చుట్టుకుని ఆడాడు కూడా.

ఛాంపియన్ అంతవరకు ఓటమి ఎరగనివాడు. ఎదుటివాడు ఎవరికీ తెలియని మనిషి. ఆట ముందురోజు సారు శిబిరంలో తీర్పు చెప్పేశాడు.

"మూడు రౌండ్లు గూడ ఎక్కువే. రెండో రౌండ్లనే పండవెడ్తడు. రాసి వెట్టుకోండ్రి మేడం."

ఆట అయిన మర్నాడు సారు పేపర్లో ఆటల పేజీని మడిచి మోకాలి కింద పెట్టుకుని కూర్చున్నాడు. టెంటాయన వచ్చి తాళ్లు బిగిస్తూ, ఏమీ తెలియనట్టు అడిగాడు.

"సారూ, గా మ్యాచ్ ఏమాయె?"

"పేపరోళ్లు ఏందో రాసిండ్రు. తప్పు వడ్డట్టుంది."

"తప్పేం లేదు సారూ. నేను కేబుల్ల కండ్లార జూసిన. ఐదో రౌండ్ల బొక్కబోర్ల పడ్డడు."

ఇక మొదలైంది. సారు వాదన ఏమిటంటే, ఛాంపియన్‌కు కొత్తగా పెళ్లయింది. "పెండ్లయినంక ఆర్నెల్లు ఏ ప్లేయరూ ఆడద్దు. మనసు ఇంటి మీదనే ఉంటది."

నా పక్కన కూర్చున్న లెక్కల మేడం ఊరుకోలేదు. "అంటే గుద్దింది ఒకడు, తప్పు పెండ్లాందా సారూ? మంచిగున్నది మీ లెక్క."

"గదేం గాదు మేడం," అన్నాడు టెంటాయన. "ఎడమ చెయ్యి కిందికి దించిండు. దౌడకు అడ్డం ఉండాల్సిన చెయ్యి. మొదటి రౌండు నుంచి దించుతనే ఉన్నడు. గా కొత్తాయిన సూసుకుంటనే ఉన్నడు. ఐదో రౌండ్ల సందు దొరికింది, ఇచ్చిండు."

"అంత పెద్ద ఛాంపియన్‌కు చెయ్యి ఎక్కడ వెట్టాల్నో తెల్వదా?"

"తెలుసు సారూ. ఇన్నేండ్ల నుంచి ఎవ్వడూ కొట్టలేదు గదా, గందుకే మర్శిండు."

రెండు గంటలకు బజ్జీల వాసన రాగానే లెక్కల మేడం కొత్త కారణం కనిపెట్టింది. "ఆయన పొద్దుగాల సరిగ తినకపోయి ఉంటడు." ఆ మాటకు శిబిరం మొత్తం ఏకగ్రీవంగా తలూపింది. హెవీవెయిట్‌లో బరువుకు పై హద్దు లేదని, ఎంతైనా తినవచ్చని సారు వివరించాడు. "గదేదో మంచి నౌకరి లెక్కున్నది" అని వెనక నుంచి ఎవరో నిట్టూర్చారు.

మాటలతో తేలదని సారు లేచి నిలబడ్డాడు. మెడలో దండ తీసి నాకిచ్చాడు. విజిల్ కూడా ఇచ్చాడు.

"నేనే ఛాంపియన్ననుకో. గిట్ల ఎడమ చెయ్యి దించిన. కొట్టు. ఎట్ల తాకుతదో నేను జూస్త."

"వద్దు సారూ, మీరు పొద్దటి నుంచి ఏం తినలే."

"కొట్టుమంటున్న గదా! ఉత్తగ గాదు, నిజంగ కొట్టు."

టెంటాయన చేతులకు తువ్వాలలు చుట్టుకున్నాడు. ఇద్దరూ జంపఖానా మీద గుండ్రంగా తిరగసాగారు. పెద్దమనిషి కాళ్లు భారంగా పడుతున్నాయి, చిన్నమనిషి కాళ్లు నేలకు ఆనుతున్నట్టే లేవు. టెంటాయన కొట్టకుండా నా వైపు చూశాడు, ఆపుతానేమోనని. నేను ఆపాల్సింది. కానీ అన్ని రోజుల్లో అంత సరదా ఎన్నడూ కలగలేదు. విజిల్ ఊదాను.

పచ్చి మామిడికాయ రాలినట్టు చిన్న చప్పుడైంది. సారు ముందు కూర్చున్నాడు, తర్వాత నిమ్మళంగా పడుకున్నాడు. పడుకోవడం మైకు వైరు మీద పడుకున్నాడు. మైకు కీచుమంది. రోడ్డు మీద వెళ్తున్నవాళ్లు తిరిగి చూశారు. దీక్షలో మనిషి పడిపోయాడనుకుని బయట నుంచి ఎవరో "జై తెలంగాణ!" అని అరిచారు. వందమంది అందుకున్నారు.

మేము నీళ్లు చల్లాము. అర నిమిషానికి సారు కళ్లు తెరిచాడు. టెంటాయన ఆయన కాళ్ల దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"తప్పయింది దొరా."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకే తెలియదు. అప్పటిదాకా సారూ అనే పిలిచేవాడు. శిబిరంలో నవ్వబోతున్నవాళ్లు ఆగిపోయారు.

"దొర గీర జాన్తా నై," అన్నాడు సారు దవడ తడుముకుంటూ. "ఏ చేత్తోని కొట్టినవ్?"

"కుడి చేత్తోని."

"నేను ఎడమ చెయ్యి దించితే నీ కుడికి సందు దొరికిందన్నట్టు. నువ్వు చెప్పిందే కరెక్టు."

ఆ సాయంత్రం ప్రెస్‌నోట్ ముందు కూర్చుని చాలాసేపు కలం నమిలాను. దీక్షా శిబిరంలో కొట్టుకున్నారని రాస్తే ఉద్యమానికి చెడ్డపేరు. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. చివరికి "దీక్షలో కూర్చున్న వ్యాయామ ఉపాధ్యాయుడు మధ్యాహ్నం కింద పడిపోయారు. ప్రస్తుతం ఆరోగ్యం నిలకడగా ఉంది" అని రాశాను. ప్రతి అక్షరం నిజమే. అయినా ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

మర్నాడు పేపర్లో సారు ఫోటోతో సహా వచ్చింది. తెలంగాణ కోసం ఆకలితో స్పృహ తప్పిన గురువు. పొద్దుటి నుంచే దండలు రావడం మొదలైంది. కానీ టెంటాయన ఆరోజు శిబిరానికి రాలేదు. అసలు సంగతి వాళ్ల ఊరిదాకా పాకిందని, సారు వాళ్ల చిన్నాయన కొడుకు ఆయనకు ఫోన్ చేసి "మనింటి మనిషిని వాడు కొట్టుడేంది?" అని గద్దించాడని మధ్యాహ్నానికి తెలిసింది. మీరేమన్నారని సారునే అడిగాను.

"నేనే కొట్టుమన్న అని చెప్పిన. నీకు గూడ గావాల్నంటే రా, కొట్టిపిస్త అన్న."

అక్కడితో ఊరుకోకుండా నన్ను స్కూటరెక్కించుకుని టెంటు హౌస్‌కు తీసుకెళ్లాడు. టెంటాయన గిన్నెల గుట్ట వెనక కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడ్డాడు.

"రేపు మైకుల నిజం జెప్తున్న. నువ్వు రావాలె," అన్నాడు సారు.

"వద్దు సారూ. మీకు దండం వెడ్త. పేపర్ల అచ్చిందే ఉండనియ్యండ్రి. నాకు ఊళ్లె ఇల్లున్నది, అవ్వున్నది."

"నేను ఆకలికి పడ్డనంటే నువ్వు కొట్టలేదన్నట్టే గదా? పడ్డోని పరువు సరే, గెలిచినోని సంగతేంది?"

టెంటాయన నా వైపు చూసి, "మేడం, మీరన్న జెప్పుండ్రి" అన్నాడు. నేను ఏం చెప్పను? విజిల్ ఊదింది నేనే. ప్రెస్‌నోట్ రాసిందీ నేనే.

మూడో రోజు జగిత్యాల నుంచి ఉపాధ్యాయ సంఘం పెద్దలు వచ్చారు. సారు పట్టు విడవకపోవడంతో టెంటాయన కూడా వచ్చి ఓ మూల నిలబడ్డాడు. సిరిసిల్ల నుంచి ట్రాలీ ఆటోలో మా బాపు దిగాడు. నలభై ఏళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపినవాడు మా బాపు. తోటి కార్మికులు నలుగుర్ని వెంటేసుకుని, తమ మగ్గాల మీద నేసిన తెల్లగుడ్డ మడత పట్టుకుని వచ్చాడు, ఆకలికి సొమ్మసిల్లిన సారుకు కప్పడానికి.

సారు మైకు అందుకున్నాడు.

"అన్నలారా, అక్కలారా. నేను ఆకలికి పడలే. పొద్దుగాల ఇంట్ల ఆరు ఇడ్లీలు తినే అచ్చిన."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"గాయిన కొట్టిన గుద్దుకు పడ్డ. నేనే కొట్టుమన్న. ఒక్కటే గుద్దు. గుడ్డ కప్పాల్నంటే గాయినకు కప్పుండ్రి."

పెద్దల ముఖాలు మాడిపోయాయి. జనం మాత్రం విరగబడి నవ్వారు. టెంటాయన గుంజ చాటుకు జరిగాడు కానీ, ఎంత సన్నటివాడైనా గుంజ చాటున దాగలేకపోయాడు. మా బాపు పెద్దగా ఆలోచించలేదు. నేరుగా వెళ్లి తెల్లగుడ్డ ఆయన భుజాల మీద కప్పాడు. ఆయన బాపు చేతులు పట్టుకుని ఎటో చూస్తూ నిలబడ్డాడు. కళ్లు తుడుచుకోవడానికి కొత్త గుడ్డ వాడాలా వద్దా అన్నట్టు కొంచెంసేపు ఆగి, చొక్కా చేతితోనే తుడుచుకున్నాడు.

తర్వాత బాపు జంపఖానా మీద కూర్చుని మొత్తం కథ చెప్పించుకున్నాడు. అంతా విని ఒక్క ప్రశ్న వేశాడు.

"మీరందరు ఎందుకోడిండని కొట్లాడుతుండ్రు గని, గా ఛాంపియన్ ఏమన్నడు? ఆయన్ను ఎవలన్న అడిగిండ్రా?"

మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు. టెంటాయనకు మాత్రం తెలుసు. "అడిగిండ్రు బాపూ, టీవీల జూపెట్టిండ్రు. ఆ హాల్ల గాలి ఆడలేదన్నడు."

"గదంత సాకు!" అని సారు లేచాడు. "ఎదుటోనికి గూడ గదే గాలి గదా?"

"అన్యాయంగ మాట్లాడకుండ్రి సారూ, పెద్ద ఒళ్లుకు ఎక్కువ గాలి గావాలె," అని, రెండు రోజుల కింద ఛాంపియన్‌ను తప్పుపట్టిన టెంటాయనే ఇప్పుడు ఆయన పక్షం వహించాడు. మళ్లీ మొదలైంది. సంఘం పెద్దలు తెచ్చిన ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది.

నన్ను పక్కకు పిలిచి బాపు అడిగాడు. "బిడ్డా, పేపరుకు నువ్వేం రాసిచ్చినవ్?" చెప్పాను. ఆయన తిట్టలేదు. "మల్లొకటి రాయి" అన్నాడు.

ఆ సాయంత్రం జరిగింది జరిగినట్టు, విజిల్ సంగతితో సహా, ఒకటిన్నర పేజీ రాసి అన్ని పత్రికలకూ పంపాను. ఒక్కరూ వేయలేదు. అడిగితే జాగా లేదన్నారు.

సమ్మె ముగిసి బడి తెరిచాక సారు ప్రతి శనివారం టెంటాయన్ని మైదానానికి పిలిపించాడు. పిల్లలు వరసగా నిలబడి ఎడమ చెయ్యి దవడకు అడ్డం పెట్టడం నేర్చుకునేవారు. ఆ వరస చివర సారు కూడా నిలబడేవాడు. "సారూ, ఇంక జర పైకి" అని టెంటాయన ఆయన మోచేయి పట్టుకుని ఎత్తేవాడు. సారు ఎత్తేవాడు, రెండు నిమిషాలకు మర్చిపోయి మళ్లీ దించేవాడు.